మెట్ల దాకే అందే మాట

పాప ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. షాహీదా మైక్రోబయాలజీ చదివింది. ఏడాదిన్నర పిల్ల అలా ఎగపోస్తుంటే ఇంట్లో కూర్చోకూడదని ఆమెకు తెలుసు. కింది వాటాలో ఉండే ఇంటావిడ మంగాయమ్మ అప్పటికే సుమయాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. ఆమె కొడుకు ప్రతాప్ ఇంజను ఆపకుండా హారన్ కొడుతున్నాడు.

"రా చెల్లెమ్మా! పైనింకా ఏంటి?"

పైన ఒక్క పని మిగిలింది. ఆమధ్య తెనాలిలో సుమయాకు ఏదో ఇంజెక్షన్ పడక మొహమంతా ఉబ్బిపోయింది. ఆ మందు ఇంకెప్పుడూ ఇవ్వొద్దన్నారు. అప్పుడు షాహీదా అడవులదీవిలో, అక్క పురిటి దగ్గర ఉంది. పిల్లను చూసుకున్నది భర్త ఫారూక్. మందు పేరు అతనికే తెలుసు. ఇప్పుడతను తెనాలిలో, పనిచేసే స్పేర్‌పార్టుల కొట్లో ఉన్నాడు.

గాలివానకు రేపల్లెలో టవర్లు పోయాయి. మొబైల్లో ఒక్క గీత లేదు. ఇంట్లో వైఫై మాత్రం ఇన్వర్టర్ మీద నడుస్తోంది. ఆ కనెక్షన్‌తో వచ్చిన ల్యాండ్‌లైన్ నంబరును మరిది ఆమె మొబైల్లోనే పెట్టి వెళ్లాడు. వైఫై అందినంత మేర ఆ నంబరు మీద మాట్లాడుకోవచ్చు. ఇన్నాళ్లూ అవసరం పడలేదు, అందుకే ఫారూక్‌కు కూడా ఆ నంబరు తెలీదు. కొట్లో ఉన్నంతసేపూ అతను నెట్ ఆపేస్తాడు, వాట్సాప్ కాల్ వెళ్లదు కాబట్టి షాహీదా ఆ నంబరు నుంచే చేసింది.

మోగింది. ఎత్తాడు.

"లోను వద్దండి," అని పెట్టేశాడు.

మళ్లీ చేసింది. "హలో, నేను..."

అవతల ఏదో మిషను రొద. "కార్డు కూడా వద్దమ్మా. పనిలో ఉన్నా."

ఫారూక్ గారా అంటే మళ్లీ పెట్టేస్తాడు. లోన్ల వాళ్లకు పేర్లు కూడా తెలుసు. పెళ్లయిన దగ్గర్నుంచి 'ఏమండీ' తప్ప మరో పిలుపు ఎరగని మనిషి, మూడోసారి అతను ఎత్తగానే గొంతు చించుకుని అరిచింది.

"ఒరే ఫారూక్! పెట్టావంటే చంపుతా!"

అవతల మిషను రొద ఆగిపోయింది.

"ఎవర్రా... షాహీదా?"

"నేనే. పాపకు ఆయాసం, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. అప్పుడు పడని ఇంజెక్షన్ పేరేంటండీ?"

"ఆయాసమా? ఎప్పట్నుంచి? నేను వచ్చేస్తున్నా..."

"ముందు పేరు చెప్పండి!"

"మందుల చీటీ ఫొటో తీసుకున్నాలే. ఉండు, చూస్తున్నా."

కింద హారన్ ఆగడం లేదు. షాహీదా ఫోను చెవికి పెట్టుకునే గుమ్మం దాటి మెట్లు దిగసాగింది.

"ఆఁ, దొరికింది. సెఫ్..."

మెట్ల మలుపులో మాట తెగిపోయింది.

సెఫ్. అలా మొదలయ్యే యాంటీబయాటిక్‌లు ఎన్నో ఆమె చదువుకుంది. చదువుకోకపోతేనే బాగుండేది అనిపించింది.

"పెదాలు రంగు మారుతున్నాయే, రావే తల్లీ!" మంగాయమ్మ కేక.

పిల్ల దగ్గరికి దూకమని ఒళ్లంతా లాగుతోంది. షాహీదా వెనక్కి తిరిగి మెట్లెక్కింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఫోను మోగింది.

"తెగిపోయిందేంటి? సెఫ్ట్రియాక్సోన్. విన్నావా? సెఫ్ట్రియాక్సోన్!"

"విన్నా," అంది. ఇంకేం మాట్లాడకుండా పరిగెత్తింది. ఆటోలో దారి పొడుగునా సుమయా వీపు నిమురుతూ ఆ పేరే పైకి అనుకుంటూ కూర్చుంది. మంగాయమ్మ అది దువా అనుకుని తనూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డ్యూటీ డాక్టరు దీప్తి సుమయా ఛాతీ విని, న్యుమోనియాలా ఉందంటూ నర్సుకు మందు పేరు చెప్పింది. ఆ పేరే.

"అది వద్దండి!" షాహీదా నర్సు చెయ్యి పట్టేసుకుంది. "మా పాపకు పడదండి. మొహం ఉబ్బిపోయింది."

"ఇదేనని గట్టిగా తెలుసా అమ్మా?"

"తెలుసండి. వాళ్ల నాన్న చూసి చెప్పారు."

దీప్తి నర్సును ఆపి, వేరే మందు తెమ్మంది.

సాయంత్రానికి డొక్కలెగరడం తగ్గింది. షాహీదా ఫోను తీసి చూసింది. సిగ్నల్ లేదు. తెనాలి రోడ్డు మీద చెట్లు కూలాయట. ఫారూక్ ఏ ఊరి దగ్గర ఆగిపోయాడో, ఏమనుకుంటున్నాడో.

ప్రతాప్ చెయ్యి చాచాడు. "ఫోనివ్వు చెల్లెమ్మా. మీ గుమ్మంలో నిలబడి బావకు చెప్పొస్తా. ఏమని చెప్పమంటావు?"

మాస్కు లాగేసుకోబోతూ సుమయా ఏదో గొణిగింది. షాహీదా వంగి వింది.

"పాలడుగుతోందని చెప్పన్నా."