కుడివైపు తాడు

అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాక పక్కసీటు కుర్రాడు ఒక తాడుముక్కను ముందు కడ్డీకి ముడివేస్తూ, ఒక్క లాగుతో విప్పుతూ కనిపించాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"హుస్సేన్ సాగర్‌ల, అన్నా. తెరచాప పడవ నడుపుడు నేర్చిన. పరీక్షలన్నీ పాసైన. సముద్రంల పడవకు పెద్దగ ఉండెటందుకు ఇచ్చే స్కిప్పర్ సర్టిఫికెట్‌కు పొద్దున కండ్లు చూసిండ్రు. ఎరుపు, ఆకుపచ్చ నాకు ఒక్కతీరే కనిపిస్తయంట. ఇగ రాదన్నరు."

"ఇన్నాళ్లూ తెలియలేదా?"

బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. అతను అటు చూపించాడు.

"మీది లైటు వెలిగితే ఆగాలె, కిందిది వెలిగితే పోవాలె. గట్లనే బండి నడిపిన. సముద్రంల పడవకు ఎడమదిక్కు ఎరుపు లైటు, కుడిదిక్కు ఆకుపచ్చ. చీకట్ల దూరంకెళ్లి ఒక్కటే కనిపిస్తది. అది ఏ దిక్కుదో నాకెట్ల తెలుస్తది?"



మలక్‌పేట వస్తుండగా తాడు నా చేతిలో పెట్టాడు.

"మొదటిసారి ఒక్కన్నే పడవ తిప్పినంక సారు ఏదన్న తాడు తీసుకొమ్మన్నడు. పడవ తాళ్లకు గూడ గవే రంగులు, కుప్పలకెళ్లి కుడిదిక్కుది ఏరి తెచ్చుకున్న. గిది ఆకుపచ్చనే గదా, అన్నా?"

"ఎరుపు" అన్నాను, ఆలోచించకుండా.

తాడు నా చేతిలోనే వదిలేసి దిగిపోయాడు.

అవునంటే సరిపోయేది.