బండిజాడలో నడక

అమెరికాలో ఒరెగాన్ ఎడారిలో ఒక గుట్టమీద, ఒకప్పుడు పడమటికి వలసపోయిన జనం ఎడ్లబండ్ల జాడలు ఇంకా ఉన్నాయి. వాటిలో నడవాలని నా కోరిక. కారు దిగి, బోర్డు కూడబలుక్కుని చదువుతుంటే మా అబ్బాయి అడ్డం పడ్డాడు.

"మోకాలి ఆపరేషన్ అయి ఏడాది కాలేదు నాన్నా. ఇక్కణ్ణుంచే ఫోటో తీస్తా."

"ఫోటో కోసమా ఇంతదూరం డ్రైవ్ చేయించాను? బండ్లెక్కిన దారి నేనెక్కలేనా?"

చక్రాలు కోసిన గాడిలో రాళ్ళు లేవు, మెత్తటి మట్టి. మోకాలికి సుఖంగానే ఉంది. నిదానంగా నడిచాను. ఎండకి సేజ్ పొదలు ఘాటుగా వాసన వేస్తున్నాయి. పైకెక్కి చూస్తే జాడ కనుచూపుమేర సాగిపోతోంది. వాడు రొప్పుతూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"నీళ్ళున్నాయా నాన్నా?"

"సంచిలో ఉన్నాయి. తాగి లే, ఇంకాస్త పోదాం."