తమ్ముడి కోసం కట్టిన మాటలు

ఎల్లారెడ్డి బస్టాండు ముందు మక్క కంకులు కాలుతున్న వాసన తగిలితే చాలు, నర్సింహులు సారు గుర్తుకొస్తాడు. కామారెడ్డి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మా ముందుగదిలోకి కిరాయికి వచ్చాడు. తిండి మా ఇంట్లోనే. పొయ్యి దగ్గర పీట వేసుకొని, కంకి ఒలుచుకు తింటూ, కొత్తగా కట్టిన చమత్కారపు ఒంటి వాక్యాలు నాకు వినిపించేవాడు. నా చదువు మూడో తరగతి దాటలేదు; అందుకే నన్ను పట్టుకున్నాడు. "ఏంది సారూ?" అన్నానంటే ఆ వాక్యం అక్కడికక్కడే కొట్టేసేవాడు. నవ్వితే ఉంచేవాడు.

ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. రామారెడ్డిలో తమ్ముడు మల్లేశం కొత్త ఇల్లు కట్టి, చుట్టూ నిలువెత్తు ప్రహరీ లేపాడు. గృహప్రవేశం నాడు బంతిలో కూర్చొని సారు అన్నాడట: "గోడ ఎత్తు చూస్తే ఎరుకైతది, ఇంటాయనకు మంది అంటే ఎంత భయమో." బంతి బంతంతా నవ్వింది. మల్లేశం నవ్వలేదు. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

కొన్నేళ్లకు మల్లేశం బిడ్డ పెండ్లి కుదిరింది. ఆ పిల్లను చిన్నప్పుడు భుజాల మీద మోసింది సారే. అన్న తప్పు ఒప్పుకుంటే పిలుస్తానని తమ్ముడు మనిషితో కబురు పంపాడు. సారు సరేనన్నాడు. సరేనని, దానికీ ఒక వాక్యం కట్టడం మొదలుపెట్టాడు. పొద్దున ఒకటి, మాపున ఒకటి తెచ్చి వినిపిస్తాడు. ప్రతిదాంట్లో ఎక్కడో ఒక ముల్లు. నాకు నవ్వు రాలేదు.

"తప్పైంది తమ్మీ అనుండ్రి సారూ, చాలు," అన్నాను.

"గది అందరంటరు గద సాయవ్వా."

"మీరు గూడ గట్లనే అనుండ్రి. పెండ్లికన్న పోతరు."

ఆయన లేచి గదిలోకి పోయాడు. రామారెడ్డికి ఏ మాటా పోలేదు, పిలుపూ రాలేదు. పెండ్లినాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని మంచం మీద కూర్చున్నాడు. నేను పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

ఆ వానాకాలంలోనే పోయాడు. మూడోనాడు పిట్టకు పెట్టడానికి మల్లేశం వచ్చాడు. ఆకులో మెతుకులు వేసి, కాకి కోసం అందరం దూరంగా నిలబడ్డాం. అది ఎంతకీ రాలేదు. మల్లేశం నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"నా గురించి ఏమన్న అన్నడా అక్కా? ఒక్క మాటన్న?"

సారు కట్టినవాటిలో నేను ఒక్కటీ మరవలేదు. ఏది చెప్పినా ఆ మనిషికి గుచ్చుకునేదే.

"యాదికి లేదు," అన్నాను.

ఇప్పుడు కామారెడ్డి కాలేజీ పిల్లలు సారు వాక్యాలను ఫోన్లలో పంపుకొని నవ్వుకుంటారు. ఇంకేమైనా ఉన్నాయా అని మా ఇంటికొచ్చి అడుగుతారు. లేవంటాను. తమ్ముడి కోసం కట్టినవన్నీ నా నోట్లోనే ఉన్నాయి. ఒకదాన్ని మించి ఒకటి బాగుంటాయి.