నందినికి కావలసిన సంతకం

నందినిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మా కదిరి చుట్టుపక్కల పల్లెల్లో సి.ఏ. ఇంటర్ గట్టెక్కిన పిల్లలు ఎంతమంది ఉన్నారు చెప్పండి! శెనక్కాయలు పండించే పుల్లన్న కూతురు గట్టెక్కింది. కానీ ఫైనల్ రాయాలంటే ముందు ఒక ఆడిటర్ దగ్గర రెండేళ్లు ఆర్టికల్‌షిప్ కింద పని నేర్చుకోవాలి. ఆయన ఫారం మీద సంతకం పెడితేనే పేరు నమోదవుతుంది. ఎవరిని అడిగినా "పని నేర్చుకుని రామ్మా" అనే మాటే. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు!

చివరికి మా జయచంద్ర సారు, "మూడు నెలలు ఊరికే చెయ్యి, చూస్తాం" అన్నాడు. నేను ఆయన ఆఫీసులో పన్నెండేళ్లుగా గుమాస్తాను. అదే ఇంటర్ మూడుసార్లు తప్పినవాణ్ణి. ఆ పిల్ల రోజూ తొలి బస్సుకు వచ్చి నా పని కూడా చేసిపెట్టేది. మూడు నెలలు కాస్తా ఐదయ్యాయి. ఫారం మాత్రం సారు బల్ల మీదే పడి ఉంది.

ఒకరోజు ఇద్దరం నూనె మిల్లుకు తనిఖీకి వెళ్లాం. బ్యాంకు అప్పుకు తాకట్టుగా చూపించిన శెనక్కాయ బస్తాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. నేను కింద నిలబడే పొడవూ వెడల్పూ ఎత్తూ చూసి ఎనిమిది వందలన్నాను.

"పైకెక్కి చూద్దామన్నా" అంది.

"కూలోళ్లు నవ్వుతారు, దిగు తల్లీ" అన్నా వినలేదు. ఎక్కి, పైన కప్పిన పట్ట లాగింది.

"అన్నా, నడిమధ్యన ఏమీ లేదు! నేల కనపడతాండాది!"

ఆఫీసుకొచ్చి చెబితే సారు ముఖం చిట్లించాడు. "ఏమ్మా, మిల్లాయన మనకు ఇరవై ఏండ్ల పార్టీ. ఎనిమిది వందలని రాయి. నీ ఫారం ఈడే ఉండాది, ఇప్పుడే సంతకం పెడతా."

"ఉండేది మూడొందలు సార్. అంతే రాస్తా."

"అట్లయితే ఇంకో ఆడిటర్‌ను చూసుకో పో."

ఫారం తీసుకుని వెళ్లిపోయింది. నేను బస్టాండు దాకా వెంటపడి తిట్టాను. "అంత రోషమెందుకే? ఒక్క అంకె రాసింటే నీ బతుకు బాగుపడిండేది కదా!"

"మొదటి కాగితమే అబద్ధం రాస్తే ఇంగ నేర్చుకునేదేముండాదన్నా?" అని బస్సెక్కింది. ఎంత కోపమొచ్చిందో నాకు!

తిరిగి వచ్చేసరికి ఆ తనిఖీ కాగితం నా బల్ల మీద ఉంది. "సుదర్శనా, నువ్వు రాయప్పా" అన్నాడు సారు. ఎనిమిది వందలని రాసి, కింద నా సంతకం పెట్టాను.