మీటరు ఇంకా చేరని కిలోమీటరు

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. నా పనే అలాంటిది. మహబూబాబాద్‌లో కార్లకు స్కానర్ పెట్టి జబ్బు చెప్పే షెడ్డు నాది. బండిలో ఏది చెడినా దాని కంప్యూటర్‌లో ఒక కోడ్ పడుతుంది. ఆ కోడ్‌లు చదవడం జనగామలో ఒక వర్క్‌షాపులో ఆరేళ్ళు ఉండి నేర్చుకున్నాను. బండికి ఎవరి దిష్టో తగిలిందని ఎవరైనా అంటే, నిమ్మకాయలు కూరగాయల మార్కెట్లో దొరుకుతాయి, ఇక్కడ కాదని పంపేసేవాణ్ణి. ఇప్పుడు రాసేది కూడా నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మా బావ భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేసేవాడు. కొన్నేళ్ళ కింద గనిలో పైకప్పు కూలి ఆయన ఎడమ కాలు నలిగిపోయింది. ఆ రోజు ఆయనను బొగ్గు కింది నుంచి లాగి, భుజాన మోసుకొచ్చింది సాంబన్న. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, క్వార్టర్లు కూడా ఒకే వరుసలో. కాలు దక్కింది గానీ దానికి క్లచ్ తొక్కే బలం రాలేదు. అందుకే సాంబన్న తన ఆటోమేటిక్ కారును బావకు అమ్మి, తను మామూలు గేర్ల బండి తెచ్చుకున్నాడు.

వారం తర్వాత బావ, అక్క ఆ కారులో నా దగ్గరకు వచ్చారు. బావ మొహం వెలిగిపోతోంది. ఎన్నో ఏళ్ళ తర్వాత తనంతట తాను నడుపుకుంటూ వచ్చాడు మరి. బండి నడక బాగానే ఉంది. ఊరికే ఒకసారి చూద్దామని స్కానర్ పెట్టాను.

గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో పాత కోడ్ ఒకటి ఉంది, పి 0705. గేర్ రాడ్ ఎక్కడ ఉందో గేర్‌బాక్స్‌కు తెలియడం లేదని దాని అర్థం. ఆ తప్పు వచ్చినప్పుడు ఈ బండి న్యూట్రల్‌లోనే ఉండిపోతుంది, కదలదు. కోడ్‌తో పాటు, అది పడిన క్షణంలో బండి ఎలా ఉందో కూడా నమోదవుతుంది. వేగం సున్నా. బ్రేక్ తొక్కి ఉంది. కిలోమీటర్లు 63,918.

మీటరు చూశాను. 61,240.

మా పనిలో ఉన్న ఎవరిని అడిగినా దీనికి ఒకటే మాట చెబుతారు. బండి అరవై మూడు వేలు దాటి తిరిగింది, అమ్మే ముందు మీటరు వెనక్కి తిప్పారు. పాత బండ్లలో మేము తరచూ చూసేదే. నిజానికి బ్రేకుల కంప్యూటర్‌లో, ఇంజిన్ కంప్యూటర్‌లో కూడా కిలోమీటర్లు చూసి సరిపోల్చాలి. నేను చూడలేదు. నాకు తెలియనిదా అన్న పొగరు. స్క్రీన్ ఫొటో తీసి బావకు వాట్సాప్‌లో పంపి, కోడ్ చెరిపేశాను. చెరిపి, నడిపి, మళ్ళీ వస్తుందేమో చూడటం మా పద్ధతి. రాలేదు.

"సాంబన్న మోసం చేసిండు బావా" అన్నాను.

"ఆడు గట్ల చేసేటోడు కాదు బామ్మర్ది."

"మనుషులు చెప్తరు గని, మిషన్ అబద్ధం చెప్తదా?"

అక్క ఇచ్చిన చాయ్ కూడా తాగకుండా బావ లేచాడు.

బిడ్డ మీద ఒట్టు, మీటరు ముట్టలేదని సాంబన్న అన్నాడట. బావ ఫొటో చూపించాడట. అంతటితో మాటలు బందయ్యాయి. రెండిళ్ళ అవతలే ఉంటూ నాలుగు నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఒకరోజు పొద్దున బావ ఫోన్ చేశాడు. రేగొండ దాటాక రోడ్డు మీదికి బర్రెలు వస్తే బండి ఆపాడట. తర్వాత కదలడం లేదు.

"గేర్ పడ్తలేదు బామ్మర్ది. ఎటు పెట్టినా న్యూట్రలే చూపిస్తాంది."

ఎటు పోతున్నావని నేను అడగలేదు. బంద్ చెయ్యి, రెండు నిమిషాలు ఆగు, బ్రేక్ గట్టిగా తొక్కి స్టార్ట్ చెయ్యి అన్నాను. చేశాడు. పడలేదు. మళ్ళీ చేయించాను. అలా నాలుగుసార్లు. మధ్యలో "చెమట పోస్తాంది" అన్నాడు. ఏసీ లేకుంటే పోయదా అన్నాను. ఐదోసారి బ్రేక్ తొక్కమన్నప్పుడు జవాబు రాలేదు. అక్క అరుపు వినబడింది.

రాత్రి నుంచి ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్ అనుకున్నాడట. హనుమకొండలో చూపించుకుందామని బయలుదేరారు. నువ్వు నడపకు, సాంబన్నను పిలుద్దామని అక్క బతిమాలిందట. బావ వినలేదు. అటుగా వచ్చిన ఆటోలో వేసుకుని పరకాల దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయింది.

నాకు ఏడుపు రాలేదు. బస్సెక్కాను, టికెట్ తీసుకున్నాను, కిటికీ పక్కన కూర్చున్నాను. దహనం అయ్యేదాకా ఎవరు ఏ పని చెబితే ఆ పని చేశాను. సాంబన్న వచ్చి దూరంగా నిలబడ్డాడు. పాడె పట్టడానికి ఆయనను ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు.

మూడో రోజు, లారీ మీద తెచ్చి క్వార్టర్ ముందు దింపిన కారుకు స్కానర్ పెట్టాను. పి 0705. వేగం సున్నా. బ్రేక్ తొక్కి ఉంది. కిలోమీటర్లు 63,918.

తలెత్తి మీటరు చూశాను. అదే అంకె.

మొదటిసారే చేయాల్సిన పని ఆ రోజు చేశాను. బ్రేకుల కంప్యూటర్, ఇంజిన్ కంప్యూటర్, సర్వీసు పుస్తకం, అన్నిట్లో లెక్క సరిపోయింది. మీటరును ఎవరూ తిప్పలేదు. ఫోన్‌లో పాత ఫొటో తెరిచి పక్కన పెట్టుకున్నాను. స్కానర్ అమ్మినతనికి చూపిస్తే, ఫొటో మీద తారీకు తప్పు పడి ఉంటుందన్నాడు. బావ ఫోన్ తెరిచి చూశాను. నేను పంపిన రోజే ఉంది, నాలుగు నెలల కింది రోజు. కావాలంటే ఇప్పటికీ చూపించగలను.

అక్కకు చెప్పే ధైర్యం లేక సాంబన్న ఇంటికి పోయాను. డ్యూటీ బూట్లు ఎండలో పెడుతున్నాడు. నీ తప్పేమీ లేదన్నా, తప్పంతా నాదే అని ఫోన్ చేతికిచ్చాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన ఫొటో వైపు చూడనే లేదు.

"ఆ పొద్దు నాకు డ్యూటీ లేకుండె తమ్మీ. ఇంట్లనే ఉన్న. వాళ్ళు బండెక్కుడు చూసిన. వాని మొకం మంచిగ లేకుండె. పోయి నేను నడుపుత అందామనుకున్న. మళ్ళ ఏమంటడో అని గేటు కాడనే ఆగిన."

ఫోన్ తిరిగి ఇచ్చి, రెండో బూటు కూడా ఎండలో పెట్టి లోపలికి పోయాడు.

బండి ఇంకా తిరగని దూరం అందులో ముందే ఎలా పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగాల్సిన వాళ్ళందరినీ అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. బావను కాపాడుకొమ్మని ఏదో నాకు చూపించిందని అనేవాళ్ళు ఉంటారు. కావచ్చు. దాన్ని చూసి నేను చేసింది మాత్రం ఒక్కటే. ఒకసారి ఆయనను మోసుకొచ్చి బతికించిన మనిషిని, రెండోసారి గేటు దాటి రాకుండా చేశాను.