తీసివేతను తీసేసిన వదిన

మా వదినకి కోపం వస్తే కంప్యూటర్‌ని "మీరు" అంటుంది. "మీకేం కావాలో కాస్త నోరు తెరిచి చెప్తారా?" అని వంటగది బల్ల దగ్గర నుంచి వినిపించిందంటే, పాపను ఎత్తుకుని నేను వరండాలోకి జారుకుంటాను. ఆ బుధవారం పొద్దున్నే "మీరు" మొదలైంది.

వదిన ఆసుపత్రుల కోసం వెబ్ పేజీలు రాస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో రోగులు ఇంట్లోనే ఫోన్‌లో చూసుకుని రావచ్చు. పాప పుట్టాక సెలవు ముగించుకుని ఆవిడ చేసిన మొదటి పెద్ద పని అది. ఒళ్ళో పిల్ల, బల్ల నిండా మడతపెట్టని బట్టలు, వాటి మధ్య కంప్యూటర్. అలాగే రాసింది.

వాళ్ళ ఆఫీసులో అందరి పనీ ఒకే పెద్ద ప్రతిలో చేరుతుంది. ఎవరికి వాళ్ళు అందులోంచి ఒక బ్రాంచి, అంటే విడి ప్రతి, తీసుకుని, అందులో రాసుకుని, అయ్యాక మెర్జ్ చేస్తారు. అంటే పెద్ద ప్రతిలో కలుపుతారు. ఇదంతా నాకు వదినే చెప్పింది. చదువు మధ్యలో ఆపేసినదానికి ఇవన్నీ ఎందుకు అని ఆవిడ అనుకోదు. తిట్టుకునేటప్పుడు ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి కదా.

సోమవారం వదిన పని మెర్జ్ అయింది. అందులో ఒక లోపం ఉంది. ఆసుపత్రి మూసి ఉండే రోజుకి కూడా వంతులు ఇచ్చేస్తోంది. వాళ్ళ జట్టుకి పెద్ద ఒకాయన ఉన్నాడు. వదిన ఆయనకి పెట్టిన పేరు తొందరరాయుడు. ఆయన ఫోన్ చేసి ఇలా ఉందని ఒక్క మాట అనలేదు. మంగళవారం పొద్దున్నే మొత్తం పనిని రివర్ట్ చేసి పారేశాడు. కలిపినదంతా కలిపినట్టే వెనక్కి తీసేయడం అన్నమాట. తర్వాత మెసేజ్ వచ్చింది. "సరిచేసి రేపు సాయంత్రంలోగా పెట్టండి. లేదంటే నేనే రాస్తాను. మీరు కొన్నాళ్ళు ఫిర్యాదుల ఫోన్లు చూద్దురుగాని."

"ఆ ఫిర్యాదుల కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్ళని మళ్ళీ రాయనివ్వరు" అంది వదిన ఆ రోజు అన్నయ్యతో. అన్నం కలిపి, తినకుండా లేచిపోయింది.

బుధవారం అదే బ్రాంచిలో ఆసుపత్రి సెలవుల లెక్క సరిచేసింది. మెర్జ్ చేసింది. పేజీ తెరిచి చూస్తే తెల్లగా ఉంది.

"ఇదేంటి! సెలవుల ముక్క ఒక్కటే వచ్చింది. మిగతాదంతా ఏది?"

మళ్ళీ మెర్జ్ చేయబోయింది. కలపడానికి కొత్తగా ఏమీ లేదంది కంప్యూటర్.

"ఏమీ లేదా? అన్నీ మీ దగ్గరే ఉన్నాయా? ఎక్కడున్నాయో చూపించండి మరి, చూసి తరిస్తాను!"

ఈలోగా తొందరరాయుడి ఫోన్.

"మేడమ్, మొన్న తప్పు పేజీ ఉండేది. ఇవాళ అసలు పేజీయే లేదు."

"సార్, మీరు రివర్ట్ చేసింది ఇంకా..."

"నేను చేసింది సరిగ్గానే చేశాను."

"చేశారు సార్. కాదన్నానా?"

"అయితే మళ్ళీ మొదటి నుంచీ రాసుకోండి. సాయంత్రం చూస్తాను."

ఫోన్ పెట్టేశాడు. వదిన ఫోన్‌కి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. పాత పనిని ఒక్కో ముక్కా చేత్తో కాపీ చేయడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆగిపోయింది. ఏ రోజు ఏం కలిపారో, ఏం తీశారో చూపించే తెర తెరిచి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"ఇలా రా" అని పిలిచింది. వెళ్ళాను.

"ఇది జరిగినదేదీ మరిచిపోదు. సోమవారం నేనిచ్చాను, తీసుకుంది. మంగళవారం ఆ మహానుభావుడు తీసేయమన్నాడు, తీసేసింది. ఇవాళ నేను మళ్ళీ పట్టుకెళ్తే, 'ఇవన్నీ సోమవారమే ఇచ్చావుగా, కొత్తది ఈ ముక్కే' అని అదొక్కటే పుచ్చుకుంది."

"మరి తీసేసింది?" అన్నాను మెల్లగా.

"తీసేసింది తీసేసినట్టే ఉంది! ముందు ఆ తీసివేతను తీసేయాలి. రివర్ట్‌ని రివర్ట్ చేయాలి. అదీ దీని గోల!"

ఆ పని చిటికెలో చేసింది. కానీ వాళ్ళ ఆఫీసులో ఒక నియమం ఉంది. రివర్ట్ ఎవరు చేస్తే, దాన్ని వెనక్కి తిప్పడానికి వాళ్ళే ఒప్పుకోవాలి. ఒప్పుకోమని వదిన తొందరరాయుడికి పంపిందో లేదో, ఫోన్ మోగింది.

"నా పనిని రివర్ట్ చేస్తున్నారా మేడమ్?"

"మీ పనిని కాదు సార్, రివర్ట్‌ని."

"ఆ రివర్ట్ నాదే కదా!"

వదిన కళ్ళు మూసుకుంది. ఈ ఒక్కాయన 'సరే' అనకపోతే సాయంత్రానికి కుర్చీ మారిపోతుంది. పాప ఏడవకుండా నేను దాని నోటి దగ్గర నా వేలు పెట్టాను.

"సార్, మంగళవారం మీరు తీసేయడం సరైనదే. లోపం నాది. ఇప్పుడు లోపం పోయింది కాబట్టి పని తిరిగి పెడుతున్నాం. అంతే."

అవతల గొంతు కాస్త దిగింది.

"ఆ మాట మీరు పంపినదాని పైన రాయండి."

"ఏ మాట సార్?"

"తీసేయడం సరైనదేనని. అందరూ చూస్తారు కదా."

వదిన నా వైపు చూసింది. పళ్ళు కొరికిన చప్పుడు నాకు వినిపించింది. టకటకా రాసింది.

"'పూర్తిగా సరైనదే' అనండి."

'పూర్తిగా' కూడా చేర్చింది. ఆయన ఒప్పుకున్నాడు. పేజీ మొత్తం వచ్చేసింది. సెలవు రోజులన్నీ బూడిదరంగులో, నొక్కినా కదలకుండా ఉన్నాయి. ఆయన అటూ ఇటూ నొక్కి చూసినట్టున్నాడు.

"ఊఁ, బాగానే ఉంది. ఈ పేజీ ఇక మీరే చూసుకోండి."

"అలాగే సార్" అని ఫోన్ పెట్టేసింది. సంతోషిస్తుందనుకున్నాను. "'పూర్తిగా'నట!" అని బట్టల గుట్ట మీద ఒక్క చరుపు చరిచింది.

అన్నయ్య బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"ఏమైంది? కుర్చీ ఉందా?"

"ఉంది. పేజీ కూడా నాదే."

"ఏ పేజీ?"

"సోమవారం కలిపినది."

"అది సోమవారమే ఉంది కదా?"

"ఉంది."

"ఇప్పుడూ ఉంది?"

"ఉంది."

"మరి ఇవాళ పొద్దుటి నుంచీ ఏం చేశావు?"

వదిన నా చేతుల్లోంచి పాపను తీసుకుని ఆయన చేతుల్లో పెట్టింది. "దీన్ని ఎత్తుకోండి, చెప్తాను" అని గదిలోకి వెళ్ళి, తలుపు గడియ వేసుకుని పడుకుంది.