ఆ దెబ్బ నాది

తొమ్మిదేళ్లుగా ఒక మాట కడుపులో దాచుకుని బతుకుతున్నాను. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఇంజనీరింగ్ అవగానే ఒక స్వచ్ఛంద సంస్థ కార్యక్రమంలో చేరాను. రెండేళ్లు సర్కారు బడిలో పాఠాలు చెబితే నాయకత్వం అబ్బుతుందన్నారు. గాజువాక దగ్గర బడి. నాకు నాలుగో తరగతి ఇచ్చారు. పక్క గదిలో సత్యవతి టీచర్. పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ బెత్తం ఉండేది. అది చూసి నేను మొహం చిట్లించేదాన్ని.

ఒక మధ్యాహ్నం గౌరి అనే పిల్ల బోర్డు దగ్గర భాగహారం చెయ్యలేక నవ్వింది. నన్ను చూసే నవ్విందనుకున్నాను. చెక్క స్కేలుతో చేతి మీద కొట్టాను. ఒక్కసారి కాదు. భయమేసినా పిల్లలు నవ్వుతారని నాకు తెలియదా? తెలుసు.

మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. ఆటోనగర్‌లో వెల్డింగ్ పని చేస్తాడు. కూతురి వాచిన చెయ్యి మా టీచర్లందరి ముందే హెడ్మాస్టర్‌కి చూపించాడు.

"మా పిల్లని కొట్టిన టీచరెవులు?" అన్నాడు.

గౌరి భయంతో నోరు విప్పలేదు. హెడ్మాస్టర్ చూపు సత్యవతి గారి బెత్తం మీదికి పోయింది. ముందురోజు పక్క గదిలోంచి అంతా విన్న ఆవిడ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"నానే కొట్టాను బాబూ. తప్పయిపోనాది," అన్నారు.

తర్వాత వరండాలో నాతో మెల్లగా అన్నారు. "నాకింక ఏడాదే సర్వీసు. నీకు బతుకంతా ఉంది. ఇంకెప్పుడూ పిల్లల మీద సెయ్యెత్తకమ్మా."

నేనే నిజం చెబుతానని ఎదురుచూశారా? తెలియదు. ఫిర్యాదు పైకి వెళ్లింది. నెల తిరక్కుండా ఆవిడని దూరంగా ఇంకో బడికి మార్చారు. వెళ్లేరోజు పిల్లలు ఏడ్చారు. గౌరి మాత్రం నన్నే చూస్తూ నిలబడింది.

అక్కడితో ఆగి ఉంటే పిరికితనం అని సరిపెట్టుకునేదాన్ని. ఉద్యోగం ఇంటర్వ్యూలో, తరగతి గదిలో ఏం నేర్చుకున్నావని అడిగారు. పిల్లల్ని కొట్టే ఒక పెద్ద వయసు టీచర్‌కి నేనే నచ్చజెప్పి బెత్తం మాన్పించానని చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో అరవై మంది నా కింద పనిచేస్తారు. ఏటా కాలేజీవాళ్లు పిలిస్తే వెళ్లి, కొత్తగా డిగ్రీ అందుకున్నవాళ్ల ముందు నిలబడి అదే కథ చెబుతాను, చెప్పగా చెప్పగా అందులోకి ఆవిడ కన్నీళ్లు కూడా వచ్చి చేరాయి, ఒక్కోసారి నాకే అది నిజమనిపిస్తుంది.

మొన్న ఒకమ్మాయి ఆ టీచర్ పేరేమిటని అడిగింది. గుర్తులేదన్నాను.

ఆవిడ ఉన్నారో లేరో కనుక్కునే ధైర్యం కూడా చెయ్యలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఈ సంగతి తెలిసిన మనిషి ఇప్పుడు ఇంకొకరున్నారు. ఇవాళ్టికి నాకు అంతే చాలు.